చెరిపే హక్కు

మా బావ పోయాడని బందరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు. మొవ్వ నాటకంలో నా గొంతు చీలిన పద్యం. ఏళ్ల తరబడి ఆ రికార్డు తీసెయ్యమని ఆయన్ని అడిగాను. తియ్యకుండానే పోయాడు మనిషి.

ఆయన మా అక్క మొగుడు. నాకు చదువు అబ్బలేదు, పద్యం అబ్బింది. నేను ఎక్కడ వేషం కట్టినా ఆయన ఫోన్ పట్టుకుని వచ్చి రికార్డు చేసేవాడు. రిటైరయ్యాక పాత కంప్యూటరొకటి ఫ్రిజ్ పక్కన పెట్టి, ఇదే మన ఇంటి సర్వర్ అన్నాడు. ఫొటోలు, పొలం కాగితాలు, నా పద్యాలు, దేని ఫోల్డరు దానిదే. ఆ ఇంట్లో ఏ ఫోన్లోంచైనా, టీవీలోంచైనా తెరుచుకోవచ్చు. కానీ మనిషికో పేరు, ఓ పాస్‌వర్డు. కొందరు చూడొచ్చు, కొందరు కొత్తవి పెట్టొచ్చు. చెరిపేది మాత్రం ఆయనొక్కడే.

నా పేరు ఎక్కించేటప్పుడు 'బావమరిది' అని కొట్టాడు.

"గారు ఏదీ?" అన్నాను.

"కంప్యూటరుకి నీ మీద గౌరవం దేనికోయ్?"

"నీకెలాగూ లేదు, దానికన్నా ఉండనీ."

కొట్టాడు. టీవీలో తెరిచినప్పుడల్లా 'బావమరిదిగారు' అని పడేది. అంత మర్యాద చేసినవాడు, నా పద్యాల మీద నాకే చూసే హక్కు తప్ప ఇంకేమీ ఇవ్వలేదు.

మొవ్వలో నాది రాజు వేషం. జనం కిక్కిరిసి ఉన్నారు. పైకి రాగం తీస్తుంటే గొంతు చీలి కోడిపెట్ట కూతలా వచ్చింది. ముందు వరసలో పకపకా నవ్విందెవరో కాదు, ఫోన్ పట్టుకున్న మా బావే. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ అదే వినిపించేవాడు. నాకు ఒళ్లు మండేది.

"తీసెయ్ బావా, అది చెడింది."

"వంటింట్లోకి అందరూ రావచ్చు, కూరలో ఉప్పు ఒక్కరే వెయ్యాలి. నీకు చెరిపే హక్కిస్తే చివరికి నీ మీసం తప్ప ఏమీ మిగలదు."

తుఫానుకి వీధిలో నీళ్లు నిలిచిన రోజు మా అక్క బియ్యం డబ్బా అటకెక్కించమని అరుస్తోంది. ఈయన ముందు ఆ కంప్యూటరు పెట్టెకి పాలిథిన్ సంచి చుట్టి ఎక్కించాడు. "బియ్యం మళ్లీ కొనుక్కోవచ్చు," అన్నాడు. రోజూ భుజం మీది తువ్వాలుతో తుడిచేవాడు దాన్ని.

ఇప్పుడు ఆయన కొడుకుల సంగతి వినండి. దినాలు కాకముందే పెద్దమేనల్లుడు గుడివాడ నుంచి దిగి, తండ్రి పాస్‌వర్డుతో పెట్టె తెరిచి అందరి పేర్లూ తీసేశాడు. పొలం కాగితాలు తమ్ముడు చూస్తాడని భయమట. నాకు అసహ్యం వేసింది.

"పద్యాల ఫోల్డరు కింద ఎన్నెకరాలుందిరా?" అన్నాను.

"అన్నీ కలిపే మూశాను మావయ్యా. పంపకాలు తేలనీ."

"మీ అమ్మ పేరో?"

"అదీ తీశాను. అమ్మ ఫోన్ తమ్ముడు వాడతాడుగా."

చిన్నవాడు ఇంకా ఘనుడు. "కాగితాలు ప్రింటు తీసుకుని మిగతాదంతా చెరిపేద్దాం. పెద్దకర్మ అవగానే గొడవ వదిలిపోద్ది," అన్నాడు. అన్న సరేనన్నాడు! తండ్రి పోయాక వీళ్లిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే. ఛీ.

మా అక్క గోడకి ఆనుకుని కూర్చుంది. "ఒరే తమ్ముడూ, ఆ మొవ్వ పద్యం ఒక్కసారి పెట్టించరా," అంది.

"నా పరువు తియ్యడానికి ఇదా సమయం?"

"నీ పద్యం ఎవరిక్కావాలిరా? అందులో ఆయన నవ్వుంది."

అప్పుడు తట్టింది నాకు. ఫోన్ ఎప్పుడూ ఆయన చేతిలోనే. రికార్డవుతున్నంతసేపూ దగ్గు వచ్చినా ఆపుకునేవాడు. పక్కవాళ్లు గుసగుసలాడితే నోటి మీద వేలేసి చూపించేవాడు. అన్ని పద్యాల్లోనూ ఆయన గొంతు ఉన్నది ఆ చెడినదాంట్లోనే. నా మాట విననందుకు, బావా, నీకు దణ్ణం.

పెద్దకర్మ ఆదివారం. ఒరే అల్లుళ్లూ, పొలం కోసం మీరు కొట్టుకు చావండి. విస్తళ్లు వెయ్యకముందే టీవీలో ఆ పద్యం పెట్టాలి. బందరంతా నా గొంతు విని నవ్వినా సరే. లేకపోతే ఆ బంతిలో నేను కూర్చోను. మీ అమ్మ పేరు మళ్లీ ఎక్కించండి. నాదీ, గారుతో సహా. నాకు చూసే హక్కు చాలు.

దండ వేసిన ఫొటోకి ఎదురుగా, ఫ్రిజ్ పక్కన, ఆ పెట్టె మీద పచ్చ లైటు ఇంకా వెలిగి ఆరుతూనే ఉంది. తువ్వాలుతో తుడిచే చెయ్యి లేక దుమ్ము పట్టింది. శనివారం పొద్దుగూకేలోగా జవాబు చెప్పండి.