గీతకు జానెడు ముందు

వాడు నడక నేర్వలేదు, ఏకంగా పరుగే నేర్చాడని వాళ్లమ్మ అందరికీ చెప్పేది. వీధి చివర నుంచి పరుగెత్తుకొచ్చి రబ్బరు బంతి విసిరితే పక్కింటి కిటికీ అద్దాలకు గుండెదడే. ఆ పరుగే అతన్ని దేశపు జట్టులో చేర్చింది. అక్కడ అతనికి పిడుగు అని పేరు పెట్టారు. పదేళ్లపాటు ఆ పేరు నిలబెట్టుకున్నాడు. తర్వాత వెన్నెముకలో చీలిక వచ్చింది.

ఏడాదంతా ఇంట్లోనే. బూటు లేసు కట్టుకోవాలన్నా భార్య వంగాల్సిందే.

"ఊరందరినీ వణికించిన మనిషికి ఈ ముడి లొంగట్లేదా?" అని ఆటపట్టించేది.

కోలుకున్నాక సెలెక్టర్లు మొహమాటం లేకుండా చెప్పేశారు. ఒకే ఒక్క మ్యాచ్. వికెట్లు పడితే జట్టులో ఉంటాడు, లేకపోతే ఇక సెలవు.

నెలల తరబడి నెట్స్‌లో చెమటోడ్చాడు. అక్కడ అంపైర్ ఉండడు, బౌలర్ కాలు ఎవరికీ పట్టదు. బంతి ఎంత జోరుగా వెళ్లిందన్నదే లెక్క. బౌలర్ దాటకూడని గీతకు జానెడు ముందు కాలు పడుతోందని అతనికి తెలుసు. ప్రాక్టీసే కదా, మ్యాచ్‌లో సర్దుకుంటానులే అనుకున్నాడు. ఫాస్ట్ బౌలర్లందరూ అనుకునేదే.

మ్యాచ్ మొదటి రోజు, అవతలి జట్టులో మొనగాడైన బ్యాట్స్‌మన్ మధ్య వికెట్ గాల్లోకి ఎగిరింది. పిడుగు చేతులు చాచి బౌండరీ దాకా పరుగెత్తాడు. వెనక్కి తిరిగితే ఒక్కరూ వెంట రాలేదు. అంపైర్ చెయ్యి పక్కకు చాపి నిలబడ్డాడు.

"అన్నా, వచ్చెయ్. గీత దాటావు, నోబాల్," అని కెప్టెన్ కేకేశాడు.

ఆ ఇన్నింగ్స్‌లో మరో వికెట్ దక్కలేదు. డ్రెస్సింగ్ రూంలో, అతనితో పాటే జట్టులోకొచ్చిన స్పిన్నర్ టవల్ అందిస్తూ, "పరుగుపందెంలో ఒంటరిగా ఫస్టొచ్చావు బావా!" అన్నాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

రెండో ఇన్నింగ్స్‌లో పరుగు మొదలుపెట్టే గుర్తును జానెడు వెనక్కి జరిపాడు. ఒళ్లు మాట వింటేగా! చివరి అంగ తనంతట తానే సాగబోయింది. బలవంతాన కుదించాడు. కాలు గీత వెనకే పడింది, బంతిలో మాత్రం జోరు చచ్చిపోయింది.

"పిడుగేదన్నా? చినుకులు పడుతున్నాయి!" కెప్టెన్ విసుక్కున్నాడు.

ఒక్కసారి కాలు సాగదీస్తే పాత జోరు వచ్చేస్తుంది. నాలుక చివర దాకా వచ్చిన తిట్టును మింగి, మళ్లీ కాలు కుదించే వేశాడు. అదే మొనగాడు జోరు బంతి వస్తుందని బ్యాట్ ముందే ఊపేశాడు. బంతి నింపాదిగా వచ్చి బ్యాట్ అంచుకు తగిలి గాల్లోకి లేచింది. కెప్టెన్ చేతుల్లో పడింది.

పిడుగు కదల్లేదు. అంపైర్ వైపే చూస్తున్నాడు.

"ఏంటయ్యా ఆ చూపు? అవుటే!" అంటూ అంపైర్ వేలెత్తాడు.

ఆ సాయంత్రానికి మరో ముగ్గురు అలాగే తొందరపడి అవుటయ్యారు. అతను ఇంకో మూడేళ్లు ఆడాడు. వేగం తగ్గింది, వికెట్లు తగ్గలేదు.

"వికెట్ పడగానే అందరూ ఎగురుతారు. నువ్వేమో ఆ అంపైర్ మొహంలోకి చూస్తూ నిలబడతావు," అంది భార్య ఒకసారి టీవీలో అతని పాత మ్యాచ్ చూస్తూ.

"అలవాటైపోయిందే."

"ఇంట్లో ఏదైనా కొనేముందు నా మొహం కూడా అలాగే చూడు, బాగుపడతావు," అంది.