రసీదు లేని జరిమానా

పక్కింట్లో నేలకు పాలిష్ పడుతున్నారు. తడిసిన నాపరాతి పిండి వాసన కిటికీలోంచి రాగానే మా ఊరు బేతంచెర్ల గుర్తొస్తుంది: ఆకుల మీదా ఎనుముల వీపుల మీదా తెల్లగా పేరుకున్న దుమ్ము, రాతిపెంకులతో మేమాడిన తొక్కుడుబిళ్ల, జొన్నరొట్టె మీద అమ్మ వేసే చెనిక్కాయల ఊరిబిండి, గనిలో పనిచేసి సాయంత్రానికి కనురెప్పలతో సహా తెల్లబడి వచ్చే నాన్న.

ఒక ఏడు, గనివాళ్లు పారేసిన పగులుబండలు నాలుగు ఇంటిముందు పరుచుకుందామని తెచ్చుకున్నందుకు నాన్న మీద దొంగతనం కేసు పడింది. కోర్టు జరిమానా వేసింది. గడువులోగా కట్టకపోతే పదిహేను రోజులు జైలన్నది. అంత డబ్బు మా ఇంట్లో ఎన్నడూ ఒకచోట చేరింది కాదు. చెనిక్కాయ పీకుళ్లయ్యాక వచ్చిన కోతపండుగనాడు, కొర్రబియ్యం పాయసం ఉడికే వాసనల మధ్య, చర్చి ముందర కానుకల వేలంలో ఒక పుంజును నాన్న కోసమని పెట్టారు. పాడుకున్నవాడల్లా డబ్బిచ్చి, పుంజును మళ్లీ వేలానికే వదిలేశాడు. అది పదకొండు చేతులు మారేసరికి జరిమానా పోగైంది.

నాన్న ఆ డబ్బును కోర్టు వాకిట అర్జీలు రాసే పెద్దమనిషి చేతిలో పెట్టి వచ్చానన్నాడు.

"రసీదు యాడ?" అంది అమ్మ.

"అంత చదువుకున్నాయన్ను రసీదు అడిగితే బాగుంటాదా?"

నెల తిరక్కముందే పోలీసొచ్చాడు. జరిమానా కట్టలేదట. అర్జీలాయన తనకు పైసా ముట్టలేదన్నాడు. నాన్నను తీసుకెళ్లిపోయారు.

బోరింగు దగ్గర నవ్వులు మొదలయ్యాయి. "నీళ్లు ద్రాక్షారసమైనాయని చదివినాం గానీ, కోడి సారాయైంది ఇప్పుడే చూస్తాండాం లేప్పా" అన్నాడు వేలంలో మొదటి పాట పాడిన మామ. నేనూ తక్కువ తినలేదు. కొక్కేనికి వేలాడుతున్న నాన్న చొక్కాను ఎవరూ లేనప్పుడు వాసన చూశాను. చెమట తప్ప ఏమీ లేదు. డబ్బు తీసుకెళ్లిన రోజు వేసుకున్నది ఇది కాదేమోనని ఇంకోటి వెతికాను.

పదిహేను రోజులకు నాన్న తిరిగొచ్చాడు. అప్పట్నించి చర్చిలో తలుపు పక్కన, ఆఖరి వరుసలో కూర్చునేవాడు.

ఇప్పుడు నాన్న లేడు, అర్జీలాయన లేడు, ఆ గని నిండా నీళ్లు నిలిచాయి. జరిమానా కట్టలేక జైలుకెళ్లేవాళ్లు మాత్రం ఉన్నారు. మొన్న పేపర్లో అలాంటి వార్త ఒకటి అమ్మకు చదివి వినిపించి, ఇన్నేళ్లకు అడిగాను.

"నాయన ఆ దుడ్లు నిజంగా ఇచ్చినాడంటావా?"

"ఏమో."

"నువ్వెప్పుడూ అడగలేదా?"

అమ్మ నా చేతిలోంచి పేపరు తీసుకుని మడతపెట్టింది.

"అడిగింటే నిజమే చెప్పింటాడు. అందుకే అడగల్యా."