విచారణకు వచ్చిన రోజు

నివాస ధ్రువపత్రం మాటెత్తితే నాకు ఇప్పటికీ ఒక మంచినీళ్ల గ్లాసు గుర్తొస్తుంది.

వరదకు యానాం ఫరంపేటలోని మా ఇంటి గోడ కూలింది. మళ్లీ కట్టుకునేదాకా ఏడాదిన్నర పాటు వంతెన అవతల అమ్మమ్మగారింట్లో తలదాచుకున్నాం. అది ఆంధ్రా, మా యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది. పగలంతా మా బతుకు యానాంలోనే. నాన్న ఆటో ఇక్కడే, మా చదువులిక్కడే, రేషన్ కార్డూ ఓట్లూ ఇక్కడే. పడుకోవడానికి మాత్రం గోదావరి దాటేవాళ్లం.

మేం తిరిగొచ్చిన వేసవిలోనే అక్క ఇంటర్ పాసైంది. నర్సింగ్ డిగ్రీ చదవాలని దాని పంతం. యానాం వాళ్ల కోటాలో సీటు రావాలంటే ఐదేళ్లుగా ఎడతెగకుండా ఇక్కడే ఉంటున్నట్టు పత్రం కావాలి. విచారణకు రెవెన్యూ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చేసరికి అమ్మా నాన్నా పనుల్లో ఉన్నారు, అక్క జిరాక్సులకు వెళ్లింది. ఇంట్లో పదకొండేళ్ల నేనొక్కదాన్నే. నేను చెబుతుంటే కాగితం మీద రాసుకునే పెద్దమనిషి దొరకడం అదే మొదటిసారి. మంచినీళ్లిచ్చి మరీ చెప్పాను.

"అమ్మమ్మగారింట్లో ఉండేవాళ్లమండి. ఈ వేసవిలోనే వచ్చామండి."

అబద్ధం కాదు. అదే నా ఖర్మ.

పత్రం రాలేదు. నాన్న ఆ ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు. ఆంధ్రాలో అడిగితే మీరు పుదుచ్చేరి వాళ్లు, నాన్‌లోకల్ అన్నారు. అక్కడి ఫీజు మావల్ల అయ్యేది కాదు. పోనీ ఇంట్లో ఉండి దూరవిద్యలో ఏదో ఒక డిగ్రీ కట్టమన్నాడు నాన్న. సూదిమందు వేయడం పోస్టులో నేర్పుతారా అని అడిగింది అక్క. ఆ జిరాక్సు కొట్లోనే పనికి కుదిరింది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదని ఎన్నిసార్లు ఏడ్చానో.

ఆరేళ్లకు నా వంతు వచ్చింది. దరఖాస్తులన్నీ అక్కే నింపింది. విచారణ రోజున కొట్టుకు సెలవు పెట్టి, పొద్దున్నే అరుగు మీద కూర్చుంది. నన్ను లోపలికి పొమ్మంది. తలుపు చాటు నుంచి విన్నాను.

ఎన్నాళ్లుగా ఇక్కడ ఉంటున్నారని వచ్చినాయన అడిగాడు.

"ఆయ్, ఆరేళ్లు దాటిందండి. ఒక్క రాత్రి కూడా బయట పడుకోలేదండి."

ఆయన రాసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, నువ్వేం చదివావమ్మా అన్నాడు.

"ఇంటరండి," అంది అక్క. "మా చెల్లి నర్సింగు చదువుద్దండి."

నాకు బీకాం చదవాలని ఉండేది. ఈసారి మాత్రం నోరు విప్పలేదు.