షట్టర్ దాటిన పికప్

పీణ్య పారిశ్రామికవాడలో ఒక మెకానిక్ షెడ్డులో నా పాత పికప్‌కి కొత్త స్ప్రింగులు, పెద్ద టైర్లు వేయించి కొండదారులకు తగినట్టు జానెడు ఎత్తు లేపాం. తీరా బయటికి తీయబోతే బండి కప్పు పైకి చుట్టిన షట్టర్‌కి తగిలింది. ముందే కొలుచుకోవాలని నాకు గానీ మెకానిక్‌కి గానీ తోచలేదు! టైర్లలో గాలి తీసినా రెండువేళ్లు తక్కువైంది. షట్టర్ పీకి పారేద్దామన్నాను.

"ఉండప్పా, బరువేస్తే దిగుతాది," అని మెకానిక్ పక్క లేత్ షాపుల వాళ్లను కేకేశాడు. పదిమంది వెనకెక్కి తలలు వంచుకుని కూర్చున్నారు. స్ప్రింగులు అణిగాయి. ఊపిరి బిగబట్టి నడిపాను. గీత కూడా పడకుండా బండి ఎండలోకొచ్చింది.

అందరూ ఈలలేస్తూ దూకారు. బండి మళ్లీ పైకి లేచింది.

"ఇంగ ఇది లోపల పట్టదప్పా," అన్నాడు మెకానిక్. "కొండ ఉండాది, ఎక్కించుపో!"