బావ పాడిన ఒక్క పద్యం

నిన్న మధ్యాహ్నం ఫోనుకు ఒక ఆహ్వానపత్రం వచ్చింది. నేను పాఠాలు చెప్పి రిటైరైన కడప విశ్వవిద్యాలయంలో కళలు, మానవీయ శాస్త్రాల ఉత్సవం ఈ ఏడాది ఒక్క పూటతో సరిపెడుతున్నారట. పొద్దున సదస్సు, తర్వాత భోజనం, ఇక ఎవరిళ్లకు వాళ్లు. సాయంత్రం కార్యక్రమాలు లేనే లేవు. చదివి ఫోను బోర్లించి పెట్టాను. ఆ సాయంత్రాలు మా బావవి. బావంటే మా అక్క భర్త, అక్కడే చరిత్ర శాఖలో పనిచేసేవాడు. చరిత్ర ఎంత చెప్పాడో దేవుడికెరుక గాని, నాటక పద్యం పాడితే మాత్రం క్యాంపస్ అంతా కదిలొచ్చేది.

అప్పట్లో ఉత్సవం మూడు రోజులు. పగలంతా సదస్సులే. పత్రాలు చదివేవాళ్లు వేదిక మీద, వినాల్సినవాళ్లు భోజనాల వరుసలో. రేకుల షెడ్డు కింద ఆ ఎండకు సాంబారు దానంతటదే ఉడికేదేమో అనిపించేది. పత్రం ఎంత చప్పగా ఉన్నా చివర చప్పట్లు కొట్టేవాళ్లం, అది మర్యాద. సాయంత్రం సంగతి వేరు. పద్యమంటే చెవి కోసుకునే రైతులు బద్వేలు వైపు నుంచి కూడా వచ్చి విద్యార్థుల మధ్య కూర్చునేవాళ్లు. వాళ్లు చప్పట్లతో సరిపెట్టరు. నచ్చితే ‘వన్స్‌మోర్’ అని అరుస్తారు. అరిచాక పద్యం మళ్లీ మొదటి నుంచి అందుకోవలసిందే, అందుకోకుండా లోపలికి పోయేవాడు వాళ్ల దృష్టిలో నటుడే కాడు. బావ రాజు వేషం కట్టి రాగం తీస్తే ఒక్కో పద్యం మూడేసి సార్లు నడిచేది. నాటకం మాత్రం నడిచేది కాదు. ముందు వరుసలో అధికారులు ఆవలిస్తూ కూర్చునేవాళ్లు.

తర్వాత బావ గుండె దెబ్బతింది. కర్నూలు డాక్టరు పద్యాలు మానమన్నాడు. అన్నం మానమంటే మానేవాడేమో! ఉత్సవం దగ్గర పడేకొద్దీ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. చివరికి అక్కే దిగొచ్చింది. “ఒగే ఒక పద్యం. కుర్చీలో కూసోని పాడు. మల్లా పాడేది లేదు, నా మింద ఒట్టు” అంది. బావ ఒట్టు వేశాడు. సభ వన్స్‌మోర్ అంటే ఆ ఒట్టు తీసి గట్టున పెడతాడని అక్కకు తెలుసు. అందుకే ఆ సాయంత్రం ముందుగా హాలుకు వచ్చి వరుసవరుసకూ తిరిగింది. “మీకు దండం పెడతా, వన్స్‌మోర్ మాత్రం అనొద్దండప్పా. రెండోసారి పాడితే ఆయన గుండె తట్టుకోదు” అని బతిమాలింది. అందరూ తలలూపారు. హార్మోనియం వాయించే ఉర్దూ శాఖ సాయిబుగారు తెర వెనక ఉండటంతో ఆయనొక్కరికే చెప్పే వీలు దొరకలేదు.

బావ అంత బాగా పాడగా నేనెప్పుడూ వినలేదు. ఆఖరి రాగం దగ్గర నాకు కళ్లనీళ్లు ఆగలేదు. పద్యం ముగిసింది. చప్పట్లు మోగాయి, ఆగిపోయాయి. బావ గడ్డం పైకెత్తి, ఒక చెవి సభ వైపు పెట్టి కూర్చునే ఉన్నాడు. సాయిబుగారు శ్రుతి వదలకుండా పట్టుకునే ఉన్నారు. నా గొంతు దాకా అరుపు వచ్చింది. పక్కనున్న అక్క నా మణికట్టు పట్టుకుని నొక్కింది. ముందున్న పెద్దాయన ఒకాయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఎవరూ పెదవి విప్పలేదు. కాసేపటికి సాయిబుగారు హార్మోనియం మూసేశారు. బావ కిరీటం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఇంటికొస్తుంటే దారిలో “యాడ తప్పిందప్పా?” అని నన్ను అడిగాడు.

“యాడా తప్పలేదు బావా. శానా బాగా పాడినావు.”

“బాగుంటే జనం అట్ల ఊరకుంటారా? చప్పట్లదేముంది, పత్రాలు చదివినోళ్లకూ కొడతారు.”

అక్క తట్టుకోలేక ఆ పూటే నిజం చెప్పేసింది. బావ నవ్వి, “నన్ను ఓదార్చేదానికి ఎన్ని చెప్తావే” అన్నాడు. నేనూ చెప్పాను. విద్యార్థులను పిలిపించి చెప్పించాం. ఎంతమంది చెబితే అంత గట్టిగా, అందరూ కూడబలుక్కుని తన గొంతు పోయిన సంగతి దాస్తున్నారనుకున్నాడు. కిరీటమూ కత్తీ మంత్రాలయం వైపు నాటకాల వాళ్లకు ఇచ్చేశాడు.

డాక్టరు మాట నిలిచింది. బావ ఆ తర్వాత చాలా ఏళ్లే బతికాడు. వేళకు మాత్రలు వేసుకునేవాడు, టీవీ ముందు కూర్చునేవాడు. స్నానాల గదిలోంచి కూనిరాగం కూడా వినబడేది కాదు. మొన్న ఆయన సంవత్సరీకం నాడు, వచ్చినవాళ్లు వెళ్లిపోయాక, అక్క గడప మీద కూర్చుని, “నేనడిగిన ఏండ్లు దేవుడు ఇచ్చినాడు రా. మనిషిని మాత్రం ఆ పొద్దే తీసుకున్నాడు” అంది. బతిమాలితే కాలం ఒక్కోసారి ఇంకొన్నేళ్లు ఇస్తుంది, వాటిలో ఏం పెట్టి ఇవ్వాలో మాత్రం మనల్ని అడగదు.