పీరా పాతిపెట్టిన కార్జం

మరిపెడలో మాంసం కొట్టే పీరా నోరు తెరిస్తే అంగడంతా నవ్వాల్సిందే. కానీ ఇంటి పొట్టేలును కోయమని ఎవరైనా పిలిస్తే మాత్రం దాని గురించి చెడ్డమాట ఒక్కటి అనడు. కార్జంలో పురుగు కనిపిస్తే చప్పుడు చేయకుండా, కుక్కలకు అందనంత లోతున పాతేస్తాడు. తన దుకాణంలోని మంచి కార్జం తెచ్చి వాళ్ల గిన్నెలో పెడతాడు. ముద్దుగా పెంచుకున్నవాళ్ల మనసు నొప్పించడం ఎందుకని ఆయన బాధ. ఈ మంచితనానికి జేబుకు చిల్లు, ఇంట్లో భార్య హమీదా చేత చీవాట్లు.

సత్తెమ్మ ఇంట్లోనూ అదే చేద్దామనుకున్నాడు. పెళ్లయ్యాక ఆమె కూతురు పల్లవి మొదటిసారి భర్త వివేక్‌తో వచ్చింది. కొత్తల్లుడి విస్తట్లో ముందు కార్జం వేపుడు పడాలి, తర్వాతే మిగతావి. అందుకోసమే సత్తెమ్మ ఏడాదిగా పొట్టేలును కుంట పక్క పచ్చగడ్డితో మేపింది. తీరా కోసి చూస్తే కార్జం నిండా ఆకుల్లాంటి పురుగులు. బదులు తెద్దామంటే దుకాణంలో కార్జం పొద్దున్నే అమ్ముడైపోయింది. పీరా ముందు దీన్ని వదిలించుకుందామని పెరట్లో పాతుతుంటే వెనక నుంచి కేక వినబడింది.

"ఓరి పీరా! నా అల్లుని కార్జం మట్టిల దాస్తున్నవా? ఎవ్వలు లేనప్పుడొచ్చి తవ్వుకపోదామనా?"

ఇరుగుపొరుగు పోగయ్యారు. ఎవరో "దొంగ" అన్నారు. పీరా ముఖం మాడిపోయింది. ఆ మాట నిలిచిందంటే ఇక ఏ గడపా తొక్కనివ్వరు. నిజం చెబితే అల్లుడి ముందు సత్తెమ్మ పరువు పోతుంది.

"అక్కా, జర లోపలికి పా, చెప్త."

"లోపలెందుకు? గీడనే చెప్పు!" అంటూ సత్తెమ్మ పార లాక్కుని తానే తవ్వింది. చూసి, పార వదిలేసింది.

"నా పొట్టేలుకు పురుగులా? బిడ్డ లెక్క సాదితి గదరా!"

"మాంసానికేం కాలేదక్కా, కార్జమే పాడైంది. పురుగులు పడకుండ నట్టల మందు పోయించలేదా?"

సత్తెమ్మ ఆకాశం వైపు చూసింది. పల్లవికి నవ్వు ఆగలేదు. "మందు పోసెటోళ్లు వస్తే అమ్మ దాన్ని వంటింట్ల దాసింది. మందు తాగితే చిక్కిపోతదట!"

సత్తెమ్మ గిర్రున జనం వైపు తిరిగింది. "నా ఇజ్జత్ కోసం నోరు మూసుకున్న మనిషిని దొంగ అంటరా? ఎవరు మొదలువెట్టిండ్రు?" అని అరిచింది. మొదలుపెట్టింది ఆమేనని గుర్తుచేసే ధైర్యం ఎవరికీ లేదు. పీరాకు మాత్రం పోయిన ప్రాణం లేచొచ్చింది.

సందు చూసి వివేక్ ఆయన చెవిలో అన్నాడు. "మంచి పని చేసినవన్నా. నాకు కార్జం వాసనంటేనే వాంతికొస్తది. ఎవ్వరికి చెప్పకు."

మరుసటిసారి నట్టల మందు ఊళ్లోకి వచ్చినప్పుడు సత్తెమ్మ కొత్త పొట్టేలును ఈడ్చుకొచ్చి అందరికంటే ముందు నిలబడింది. దారిన బండి మీద పోతున్న పీరాను ఆపింది.

"చూసినవా తమ్మీ! ఈపాలి మా అల్లునికి కార్జం మొత్తం వేపి పెడ్త!"

"పెట్టక్కా, శాన ఖుష్ అయితడు" అన్నాడు పీరా. వివేక్ చెప్పిన మాటను ఆ పురుగుల కార్జం కంటే లోతున పాతిపెట్టి, బండి ఎక్కి వెళ్లిపోయాడు.