నిచ్చెనలో లేని మెట్టు

సుద్దముక్క వాసన ఈ దేశంలో నా ముక్కుకు తగులుతుందని అనుకోలేదు. నార్త్ యార్క్‌లో మా అబ్బాయి వాళ్ళుండే బిల్డింగు లిఫ్టెక్కితే చాలు, చదువుకోను వచ్చిన మన పిల్లల తడి జాకెట్లు, పోపు వాసన, పార్ట్‌టైమ్ జాబుల కబుర్లు. అలాంటిది మొన్న ఎదురింటి తలుపు తెరిస్తే సుద్ద వాసన. ఆ ఇంటి వెస్కా గారు బల్గేరియా మనిషి, నా ఈడుదే, అక్కడ చిన్నపిల్లలకు పాట నేర్పిన టీచరు. మా ఇంట్లో రూము అద్దెకుంటున్న శ్రావణి నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది. గోడకు నల్లబల్ల, దాని మీద ఒక నిచ్చెన బొమ్మ.

నాకు మా ఊరి బడి గుర్తొచ్చింది. బడి అంటే లోపల కాదు, కిటికీ. నేను మేకలు కాసేదాన్ని. నాట్లప్పుడు మోకాలిలోతు బురదలో, జొన్నగటకలో పచ్చిపులుసు కలుపుకు తిన్న చేతులు ఇంకా పుల్లపుల్లగా వాసనేస్తుండగానే మా మేనత్త రాజవ్వ పాట ఎత్తుకునేది, నారుకట్ట పట్టిన చెయ్యి పైకి లేపితే మేమంతా గొంతు లేపాలి, దించితే దించాలి, నడుమ ఒకచోట ఆ చెయ్యి ఎటూ పోకుండా వణికేది, అక్కడ గొంతూ అలాగే వణకాలి. ఆ వణుకు రానిదాన్ని పక్క మడికి తోలేది.

ఆగస్టు పదిహేనుకు బడిలో పాడే పిల్లల్లో చేరాలని నాకు ఒకటే పిచ్చి. కిటికీ దగ్గర నిలబడి పాటంతా నేర్చుకున్నాను. సారు లోపలికి పిలిచి బల్ల మీద రాసింది చదవమన్నాడు. నేను చదవకుండా పాడాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అక్షరం రాదు, నీకు పాటెట్ల వస్తది? పో, మేకలు చేన్ల వడ్డయ్."

నమ్మాను. మనవలు పుట్టాక అక్షరాలు దిద్దుకున్నాను గానీ మళ్ళీ నోరెత్తి పాడలేదు.

వెస్కా గారి మాటలు శ్రావణి తెలుగులో చెప్పింది. వాళ్ళ దేశపు బళ్ళలో పాటను పాఠంగా పెట్టిన కొత్తల్లో, కాగితం మీది గుర్తులు చూసి పాడమంటే పిల్లలు బెదిరిపోయేవారట. తర్వాత ఒక మాస్టారు స్వరానికో మెట్టుగా ఈ నిచ్చెన గీశాడట. గుర్తులు చదవడం తర్వాత, ముందు మెట్టు చూసి గొంతు ఎక్కించు, దించు. చదవడం రాని పిల్లల కోసం బడే ఒక మెట్టు దిగిందన్నమాట. మరి ఇన్నేళ్ళు నేను మోసిందేమిటి?

వెస్కా గారు కట్టెతో మెట్లు చూపించారు. ఎక్కాను, దిగాను, దిగుతూ దిగుతూ రాజవ్వ పాటలోకి జారిపోయాను. వణుకు దగ్గరికొచ్చేసరికి కట్టె రెండు మెట్ల నడుమ ఆగిపోయింది. అక్కడ మెట్టు లేదు. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

నేను లేచి చెప్పులు వెతుక్కున్నాను.

"ఏడికి అమ్మమ్మా?" శ్రావణి నవ్వుతోంది. "ఆంటీ వాళ్ళకు తల అట్ల ఊపితె అవునని. బస్ ఈడ ఆగుతదా అంటే నాకూ అట్లనే ఊపింది, లేదనుకొని కాలేజీకి నడుసుకుంట పోయిన."

"అగైన్," అన్నారు వెస్కా గారు.

మా ఊళ్ళో ఇప్పుడు నాట్లు మిషన్లు వేస్తున్నాయి. మిషనుకు పాట అక్కర్లేదు. రాజవ్వ పోయింది, ఆ మడిలో వంగినవాళ్ళంతా పోయారు. ఆ వణుకు తెలిసిన గొంతు ఇక నాది ఒక్కటేనని, అదీ ఒక తల ఊపుకు జడిసి ఇంతకాలం మూసుకునే ఉందని, చెప్పు చేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడు తెలిసింది.